తీరిక దొరికినప్పుడు

విదేశాలలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనకు బాగా అలవాటైన మాట ఒకటుంది: ‘తీరిక దొరికినప్పుడు చేద్దాం’. చదవాలని కొనుక్కున్న పుస్తకాలు, పిల్లలకు నేర్పాలనుకున్న తెలుగు అక్షరాలు, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలతో స్థిమితంగా చెప్పుకోవలసిన కబుర్లు, అన్నీ ఈ మాట చాటున ఉండిపోతాయి. ఇవి మనకు ముఖ్యమైనవే. అయినా ఎందుకు వాయిదా పడుతున్నాయి? బద్ధకమనో, క్రమశిక్షణ లేకపోవడమనో అనుకోవడం సులభం. గత యాభై ఏళ్ళలో మనస్తత్వశాస్త్రంలో జరిగిన పరిశోధనలను చూస్తే, లోపం చాలావరకు మన అంచనాలలో ఉన్నదని తెలుస్తుంది.

అరవై గడియల లెక్క

ముందుగా ఒక చిన్న లెక్క. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిమీద వదిలి, అది నిండి మునగడానికి పట్టే కాలంతో మన పూర్వులు గడియను కొలిచేవారు. గడియ అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. గడియారం అనే మాటలో ఆ గడియ ఇప్పటికీ నిలిచి ఉంది.

మన రోజును ఈ కొలతతో చూద్దాం. నిద్రకు ఎనిమిది గంటలు, అంటే 20 గడియలు. ప్రయాణంతో కలిపి ఉద్యోగానికి పది గంటలనుకుంటే 25 గడియలు. వంట, భోజనం, స్నానం, పిల్లల పనులు, ఇల్లు సర్దుకోవడం కలిపి నాలుగు గంటలకు మరో 10. మిగిలేవి ఐదు గడియలు, సరిగ్గా రెండు గంటలు. తీరిక అని మనం పిలిచేది దీన్నే. పదిహేను గడియలు పట్టే పనులను ఈ ఐదు గడియల్లో ఇమడ్చబోతాం. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అన్న సామెత మనకు వర్తించేది ఇక్కడే.

అనుభవం నేర్పని పాఠం

ఇన్నిసార్లు లెక్క తప్పినా మళ్ళీ అదే లెక్క ఎందుకు వేస్తాం? దీనికి 1979లో డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. ప్రణాళికా భ్రమ అనవచ్చు. ఇటువంటి పనులు వెనుక ఎప్పుడూ ఆలస్యమయ్యాయని తెలిసికూడా, ఈసారి మాత్రం అనుకున్న వేళకే ముగుస్తుందని నమ్మడం దీని లక్షణం.

ఈ భ్రమకు కానమన్ తానే లోనైన సందర్భాన్ని 2011లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు. ఇజ్రాయెల్‌లో ఉన్నత పాఠశాలల కోసం ఒక పాఠ్యపుస్తకం రాస్తున్న బృందంలో ఆయన ఉన్నాడు. ఎంతకాలం పడుతుందని అడిగితే, అందరి అంచనాలూ రెండేళ్ళకు అటూయిటూగా వచ్చాయి. అటువంటి బృందాలను ఎన్నో చూసిన సభ్యుడు కూడా అలాగే చెప్పాడు. మిగతా బృందాలకు ఎంత పట్టిందని ప్రత్యేకంగా అడిగినప్పుడు, ఏడేళ్ళలోపు ముగించినది ఒక్కటీ గుర్తుకు రాలేదని ఒప్పుకున్నాడు. వీరి పుస్తకానికి పట్టింది ఎనిమిదేళ్ళు.

1994లో ప్రచురితమైన మరో పరిశోధనలో, సిద్ధాంతవ్యాసం రాస్తున్న విద్యార్థులను అది ఎన్నాళ్ళకు పూర్తవుతుందని అడిగారు. సగటు అంచనా 33.9 రోజులు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్ళని అడిగితే 48.6 రోజులన్నారు. నిజంగా పట్టినది 55.5 రోజులు. వారు ఊహించిన గడ్డుకాలం కూడా వాస్తవాన్ని అందుకోలేకపోయింది.

రాబోయే పనిని మనం ఒక కథగా ఊహించుకుంటాం. ఆ కథలో పిల్లవాడి రెండో బూటు కనబడకుండా పోదు, పార్కింగ్ కోసం తిరగనక్కరలేదు, బయలుదేరబోతుండగా ఫోను మోగదు. దీనికి విరుగుడు మన చరిత్రనే సాక్ష్యంగా తీసుకోవడం. ఒక వారంపాటు ఏ పనికి నిజంగా ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకుంటే, వచ్చే వారానికి ఆ అంకెలే అంచనాలు.

పని మారినా మారని మనసు

ఉన్న ఐదు గడియలూ మనకు పూర్తిగా దక్కవు. ఒక పని ముగించకుండా మరొకదానికి వెళ్ళినప్పుడు, ధ్యాసలో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుందని 2009లో సోఫీ లెరాయ్ చూపించింది. అన్నం తింటూ ఆఫీసు మెయిలు చూసినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. మెయిలు మూసినా, దానికి ఇవ్వవలసిన జవాబు కంచం పక్కనే కూర్చుంటుంది.

లెరాయ్ తరువాత థెరీసా గ్లోంబ్‌తో కలిసి 2018లో ఒక తేలిక ఉపాయాన్ని పరీక్షించింది. పని మధ్యలో లేవవలసి వస్తే, ఎక్కడ ఆపామో, తిరిగి వచ్చాక ఏం చేయాలో రెండు ముక్కలు రాసి లేవడం. అలా చేసినవారు తరువాతి పనిని మెరుగైన ధ్యాసతో చేయగలిగారు. ఆఫీసు కంప్యూటరు మూసేముందు రేపటికి ఒక వాక్యం రాసుకోవడానికి నిమిషం చాలు.

తీరికకు బదులు వేళ

ఇక వాయిదాల సంగతి. జర్మనీలో పీటర్ గోల్‌విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టెటర్ 1997లో ప్రచురించిన ప్రయోగంలో, క్రిస్మస్ సెలవుల్లో ఒక చిన్న నివేదిక రాసి పంపమని విద్యార్థులను కోరారు. సగంమందిని ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. అలా నిర్ణయించుకున్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతులమంది సమయానికి రాశారు. మిగతావారిలో రాసినది మూడో వంతు మాత్రమే. వేళ, చోటు ముందే స్థిరపడితే, ఆ వేళ రాగానే పని తానుగా గుర్తుకు వస్తుంది. మళ్ళీ తర్కించుకోనక్కరలేదు.

నేను చాలా ఏళ్ళు మా నాన్నగారికి ఆఫీసుకు వెళ్ళే దారిలో కారులోంచే ఫోను చేసేవాణ్ణి. సమయం కలిసివస్తోందనుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు, ‘ఆఫీసు వచ్చేసిందా?’ అని ఆయనే ముందుగా అడిగి పెట్టేయడం మొదలుపెట్టారు. ఆయనకు చెప్పాలనున్నవన్నీ నా ప్రయాణం పొడవుకు కుదించుకుంటున్నారని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మాకొక వేళ ఉంది: ఇండియాలో ఆదివారం ఉదయం ఏడున్నర. న్యూయార్క్ సమయం ప్రకారం వేసవిలో శనివారం రాత్రి పది, చలికాలంలో తొమ్మిది. మార్చిలో, నవంబరులో అమెరికాలో గడియారాలు మారతాయి, ఇండియాలో మారవు. కాబట్టి అటువైపు గడియారాన్నే ప్రమాణంగా పెట్టుకోవడం మేలు. ఎదురుచూసేవారికి వేళ మారకూడదు.

ఎవరి తీరిక?

ఈ ఉపాయాలకు హద్దులున్నాయి. పనివేళలు తన చేతిలో లేని ఉద్యోగికి, పసిబిడ్డ ఉన్న తల్లికి ఐదు గడియలు కూడా మిగలకపోవచ్చు. ఒకే ఇంట్లో ఒకరి తీరిక చాలాసార్లు మరొకరి శ్రమమీద నిలబడి ఉంటుంది. అందుకని వారం పొడవునా రాసుకునే ఆ లెక్క భార్యాభర్తలిద్దరూ కలిసి రాసుకోవాలి. వంటింటి గడియలు ఎవరి ఖాతాలో పడుతున్నాయో అప్పుడే తెలుస్తుంది.

ఈ వారానికి ఒక్క పని ఎంచుకోండి. ఎంతో కాలంగా తీరిక కోసం ఎదురుచూస్తున్న పని అయితే మరీ మంచిది. దానికి ఒక రోజు, ఒక వేళ, ఒక చోటు నిర్ణయించి, ఒక గడియ కేటాయించండి. ఇరవైనాలుగు నిమిషాలలో చెప్పుకోగల కబుర్లు చాలా ఉన్నాయి.