సాఫ్ట్‌వేరు పనివారి పనిముట్ల పెట్టె

వడ్రంగికి ఉలి, బాడిస, రంపము ఎట్లో కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని కొన్ని చిన్న పనిముట్లు అట్లే అవసరములు. అవి చేతికి తగులునవి కావు. ఇంటర్నెట్టులో ఒక్కచోటనే పదులకొలదిగా పేర్చి, ఎవరైనను ఉచితముగా వాడుకొనునట్లు కొందరు వానిని అమర్చియున్నారు. మన పల్లెలనుండి హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు పోయి ఈ వృత్తిలోనున్న బిడ్డలు దినమునకు పలుమారులు అట్టి పెట్టెలను తెరచుచుందురు. దీనితో మనకేమి పని యని పెద్దలు అడుగవచ్చును. మన బ్యాంకు ఖాతాలు, భూమి దస్త్రములు, పింఛనుల లెక్కలు నేడు ఇట్టి ప్రోగ్రాములమీదనే నడచుచున్నవి. కావున పనివాడు ఎట్టి పెట్టెను ఎంచుకొనుచున్నాడో అది మనకును సంబంధించిన విషయమే.

మొదట ఈ పనిముట్లు చేయు పని యేమో చూతము. ఒక కంప్యూటరు మరియొక దానికి సమాచారము పంపునపుడు జేసన్ అను పద్ధతి విరివిగా వాడుకలోనున్నది. అడంగలులోగాని పహాణీలోగాని గడి పేరు, దాని యెదుట వివరము ఉన్నట్లే, ఇందును పేరు, దాని విలువ వరుసగా నుండును. అయితే అది తరచుగా ఎడము లేక ఒకే పంక్తిగా వచ్చును. దానిని విడదీసి కంటికి ఆనునట్లు సర్దుట ఒక పనిముట్టు పని. మరియొకటి కాలమును మార్చునది. పెక్కు కంప్యూటర్లు 1970 జనవరి 1వ తేదీ మొదలుకొని గడచిన సెకండ్ల సంఖ్యగా కాలమును లెక్కించును. ఆ పెద్ద సంఖ్యను తేదీగా, గంటలుగా ఇది చూపును. ఇంకొకటి బేస్64. ఎట్టి సమాచారమునైనను 64 గుర్తులతోనే తిరిగి వ్రాయు పద్ధతి యిది. చూచుటకు రహస్యలిపివలె నుండును గాని ఇందు రహస్యమేమియు లేదు. ఎవరైనను క్షణములో విప్పి చదువగలరు.

ఇట్టి పెట్టెలు రెండు విధములు. కొన్నింటిలో పని యంతయు మన యంత్రమందలి బ్రౌజరులోనే జరుగును. మరికొన్నింటిలో మనమిచ్చిన సమాచారము దూరమున నున్న పరుల యంత్రమునకు పోయి, అచ్చట మార్పుచెంది తిరిగివచ్చును. పైకి రెండును ఒకేరీతిగా కనబడును. చదువురానివారు జాబు చదివించుకొనుటకు చదువరిని తమ యింటికి పిలుచుట యొకటి, జాబునే పొరుగూరికి పంపుట మరియొకటి. పొరుగూరిలో ఎవరు నకలు తీసికొనిరో మనకు తెలియదు.

ఇది ఉత్త భయము కాదు. 2025 నవంబరులో వాచ్‌టవర్ అను భద్రతా పరిశోధక సంస్థ యొక సంగతిని బయటపెట్టెను. జేసన్‌ఫార్మాటర్, కోడ్‌బ్యూటిఫై అను రెండు ప్రసిద్ధమైన పెట్టెలలో, వాడుకరులు తమ పనిని దాచుకొనుటకు మీట నొక్కగా, అది ఎవరైనను వెదకి తెరువదగిన చోట నిలిచిపోయినది. ఇట్లు దొరకినవి 80,000కు పైబడినవి. వానిలో పాస్‌వర్డులు, రహస్యపు కీలు, బ్యాంకు ఖాతాదారుల సొంత వివరములు కూడ నుండెను. పరిశోధకులు బూటకపు కీలను కొన్నింటిని 24 గంటల గడువుతో అందుంచి చూచిరి. 48 గంటల పిమ్మట ఎవరో వానిని వాడబూనిరి. గడువు తీరినను దొంగ చేతిలో నకలు మిగిలియున్నదన్నమాట.

కావున ఎంచుకొనువాడు చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. మొదటిది: పెట్టెను తెరచిన పిమ్మట ఇంటర్నెట్టు సంబంధమును త్రెంచి, పనిముట్టును వాడి చూడవలెను. అప్పుడును పనిచేసిన, ఆ పని మన యంత్రములోనే జరుగుచున్నదని తెలియును. అయినను సంబంధము తిరిగి కలిసినప్పుడు రహస్యముగా పంపదని ఇంతమాత్రమున చెప్పజాలము. అందుచే ప్రోగ్రాము మూలప్రతి బహిరంగముగా నుండి, తన యంత్రమునకు దింపుకొని వాడ వీలగు పెట్టె మేలైనది. బ్రిటిషు ప్రభుత్వ గూఢచార సంస్థయగు జీసీహెచ్‌క్యూ 2016లో బహిరంగపరచిన సైబర్‌షెఫ్ ఇట్టిదే. దానిని దింపుకొని ఇంటర్నెట్టు లేకయే నడుపుకొనవచ్చును.

రెండవది నిజాయితీ పరీక్ష. 9007199254740993 అను సంఖ్యను జేసన్ సర్దు పనిముట్టులో పెట్టి చూడవలెను. బ్రౌజరులలో వాడు జావాస్క్రిప్టు భాష సాధారణముగా 9007199254740991 వరకే పూర్ణసంఖ్యలను తప్పక నిలుపగలదు. అజాగ్రత్తగా చేసిన పనిముట్టు చివరి 3ను 2గా మార్చి, ఏమియు జరుగనట్లే చూపును. ఆ సంఖ్య యొక రైతు ఖాతా సంఖ్యయైనచో ఫలితమును మీరే యూహింపుడు.

మూడవది మన భాషతోనే చేయు పరీక్ష. మన ‘అ’ యను అక్షరము నేటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లుగా నుండును. బేస్64లో మూడు బైట్లకు నాలుగు గుర్తులు. ‘అ’ను అందు వేసి, వచ్చిన నాలుగు గుర్తులను వెనుకకు మార్చినపుడు తిరిగి ‘అ’యే రావలెను. తప్పు చూపినను, మరియొకటి వచ్చినను, ఆ పెట్టె ఇంగ్లీషును మాత్రమే తలచి చేసినదని గ్రహింపవలెను.

ఎంత మంచి పెట్టె దొరకినను విడువరాని నియమ మొకటి కలదు. నిజమైన పాస్‌వర్డును, నిజమైన ఖాతాదారుని వివరములను అందు పెట్టరాదు; వాని స్థానమున కల్పిత వివరములను ఉంచి పని జరుపుకొనవలెను. ఆ వివరములు పనివాని సొత్తు కావు, ఇతరులు నమ్మి అప్పగించినవి. ఇదివరకే పొరపాటున ఎచ్చటనైన పెట్టియున్నచో, చెరిపితినని ఊరకుండక ఆ పాస్‌వర్డును వెంటనే మార్చవలెను. ఖాతాదారుల వివరములైనచో పై అధికారులకు తెలుపవలెను.

మీ యిండ్లలో ఈ వృత్తిచేయు బిడ్డలున్న, ఈ మూడు పరీక్షలను, ఈ నియమమును వారికి తెలుపుడు.