దాహంతో మొదలైన చరిత్ర

రాజుల పేర్లు, యుద్ధాల తారీఖులు బట్టీపట్టి పరీక్ష కాగానే మరిచిపోతున్నారు మన పిల్లలు. అదే చరిత్రను ఒక గులకరాయితోనో, ఎండిన గొంతుతోనో మొదలుపెట్టిన పుస్తకాలున్నాయి. వాటిని చేతిలో పెట్టి చూడండి.

1901. మహారాష్ట్రలో మసూర్ రైల్వే స్టేషన్. కొత్త బట్టలు తొడుక్కున్న నలుగురైదుగురు పిల్లలు రైలు దిగారు. గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న నాన్న దగ్గరికి సంబరంగా బయల్దేరారు. తీసుకెళ్లడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి దిగాలుపడ్డారు. స్టేషన్ మాస్టర్ వచ్చి, ‘మీరెవరు బాబూ?’ అన్నాడు. మహర్లమని, అంటే అంటరానివాళ్లుగా చూసే కులంవాళ్లమని, ఒక పిల్లాడు ఉన్నమాట చెప్పేశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

బండివాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. కిరాయి రెట్టింపు ఇవ్వాలి. బండి పిల్లలే తోలుకోవాలి. తను పక్కన నడిచొస్తాడు. ఇంటి నుంచి కట్టుకొచ్చిన తిండి బుట్టలో ఉంది. గుక్కెడు నీళ్లిచ్చేవాళ్లే లేరు. నీళ్లు లేక తినకుండానే ఆ రాత్రి నకనకలాడుతూ పడుకున్నారు.

నిజం చెప్పిన ఆ పదేళ్ల పిల్లాడు భీమ్‌రావ్ అంబేడ్కర్.

తేలు తోక మాటలు

అంబేడ్కర్ తానే రాసుకున్న ఈ అనుభవాన్ని 2011లో వచ్చిన ‘భీమాయన’ బొమ్మల్లో చెప్పింది. గీసింది గోండు చిత్రకారులైన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు. కథను గళ్లలో బిగించడం వారికి నచ్చలేదు. ఇళ్ల గోడల మీద వేసుకునే ముగ్గులాంటి అల్లికలతోనే పేజీలను విడదీశారు. మాటల బుడగల దగ్గర ఇంకా గొప్ప పని చేశారు. మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కుట్టేవాళ్ల మాటలకు తేలు తోక ఉంటుంది. మనసులో అనుకునే మాటలకు ఒక కన్ను ఉంటుంది. వివక్ష అనే మాటకు అర్థం తెలియని పిల్లలు కూడా ఆ తోకను చూడగానే పోల్చుకుంటారు. ఎందుకంటే బడిలోనో వీధిలోనో ఆ కుట్టు వాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది.

చరిత్ర పిల్లల్లోకి వెళ్లే దారి ఇదే. వాళ్లకు తెలిసిన ఆకలి, భయం, దాహం మీదుగా వెళ్లాలి.

గులకరాయి చెప్పిన కథ

1928 వేసవిలో పదేళ్ల ఇందిర ముస్సోరీలో ఉంది. తండ్రి జవహర్‌లాల్ నెహ్రూ అలహాబాద్ నుంచి ఉత్తరాలు రాశాడు. భూమి పుట్టుక, తొలి మనుషులు, భాషలు... ఇంత పెద్ద సంగతులను ఆయన మొదలుపెట్టింది గులకరాయితో. గుండ్రంగా, నున్నగా ఉన్న ఆ రాయి ఒకప్పుడు కొండలో కోసుగా ఉండేది. వాన తోసింది, వాగు దొర్లించింది, ఏరు అరగదీసింది. రాయిని చదవడం వస్తే పుస్తకాలు పుట్టకముందు చరిత్రనూ చదవొచ్చన్నమాట. 1929లో ఈ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. హిందీలోకి తెచ్చింది ప్రేమ్‌చంద్. 1930 నుంచి 1933 వరకు జైళ్లలో గడిపిన కాలంలో నెహ్రూ కూతురికి రాసిన మరో 196 ఉత్తరాలే ‘గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ’. చుట్టూ గ్రంథాలయం లేదు. చదివినప్పుడు రాసిపెట్టుకున్న నోట్సు, జ్ఞాపకం, కూతురి మీద బెంగ, ఇవే ఆధారం.

వియన్నాలో ఇంకో యువకుడు ఇంచుమించు ఇదే పని చేశాడు. ఇరవయ్యారేళ్ల గోంబ్రిక్‌ను పిల్లల చరిత్ర పుస్తకం ఒకటి అనువదించమన్నారు. అది నచ్చక, ‘ఇంతకన్నా మంచిది నేనే రాస్తా’నన్నాడు. ఇచ్చిన గడువు ఆరు వారాలు. రోజుకో అధ్యాయం చొప్పున ప్రపంచ చరిత్రంతా రాసేశాడు. 1935లో రాసిన ఆ పుస్తకంలో శాంతి మరీ ఎక్కువైందని నాజీలు నిషేధించారు. దశాబ్దాల తర్వాత దానికి కొత్తగా చివరి అధ్యాయం చేరుస్తూ, మునుపు తాను రాసినదాంట్లో తప్పుందని పిల్లలకు విప్పి చెప్పాడు గోంబ్రిక్. చరిత్రను మళ్లీ మళ్లీ సరిచూసుకోవాలని నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

బొమ్మల వెలుగు, నీడ

మన దేశంలో చరిత్రను బొమ్మల్లో ఇంటింటికీ చేర్చిన ఘనత అనంత్ పాయ్‌ది. 1967లో ఢిల్లీలో ఒక టీవీ క్విజ్ చూశారాయన. గ్రీకు దేవతల గురించి టకటకా చెప్పిన పిల్లలు రాముడి తల్లి ఎవరంటే నోరెళ్లబెట్టారు. ఆ బాధలోంచి పుట్టిందే ‘అమర్ చిత్ర కథ’. పాత కాలం ముచ్చట్లను రంగుల్లో చూపించిన ఆ పుస్తకాల రుణం తీర్చుకోలేనిది. అయితే అందులో వీరుడు ఎప్పుడూ నిటారుగా నిలబడి ఉంటాడు. కోట కట్టిన కూలీ, అంబలి కాచిన అమ్మ, యుద్ధానికి పోయి తిరిగిరాని కొడుకు పేజీ అంచుల్లోనే ఆగిపోయారు. వాళ్లను పేజీ మధ్యలోకి తేవడం తర్వాతి తరం పని.

మన తీరంలో ఒక కథ

ఆ పనికి తెలుగు నేలలో ముడిసరుకు కొల్లలు. బాపట్ల జిల్లా మోటుపల్లినే చూడండి. ఒకప్పుడు అది కాకతీయుల రేవు. గాలివానకు ఓడ పగిలి తీరానికి కొట్టుకొస్తే, అందులోని సరుకంతా ఆ రేవు పాలకులు లాగేసుకోవడం అప్పటి ఆనవాయితీ. 1244లో గణపతిదేవుడు అభయశాసనం చెక్కించి దాన్ని మాన్పించాడు. సుంకం తప్ప వేరే ఏదీ తీసుకోబోమని దూరదేశాల వర్తకులకు రాతి మీద మాటిచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు.

దీన్ని ఎనిమిదేళ్ల పాపకు చెప్పి చూడండి. ‘ఓడ పగిలింది. సామాన్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అవి ఎవరివి?’ అని అడగండి. దొరికినవాళ్లవా, పోగొట్టుకున్నవాళ్లవా? పాప తన పోయిన పెన్సిల్ డబ్బాను గుర్తుచేసుకుంటుంది. వాదిస్తుంది. ఆ వాదన ముగిసేలోపే గణపతిదేవుడు ఆమెకు చుట్టమవుతాడు. అప్పుడిక తారీఖు దానంతటదే గుర్తుంటుంది.

మనకు ఇలాంటి పుస్తకాలు కావాలి. శాసనాలు చదవగలిగిన పండితుడు, పిల్లల మాట తెలిసిన రచయిత, చిత్రకారుడు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. కల్పించిన చోట కల్పించామని చెప్పాలి. అవి వచ్చేదాకా అమ్మానాన్నలు, టీచర్లు ఆగక్కర్లేదు. ఊరి చివర గుడిలోనో, చెరువు గట్టునో ఒక రాతి శాసనం ఉండే ఉంటుంది. ఈ ఆదివారం పిల్లల చెయ్యి పట్టుకుని అక్కడిదాకా నడవండి. ఆ అక్షరాల మీద వాళ్లను వేలు పెట్టి తడమనివ్వండి. ‘ఇది ఎవరు రాశారు, ఎందుకు రాశారు?’ అని వాళ్లే అడుగుతారు.