ఫైబర్ బోటు పగుళ్లు: పైన పూస్తే పోతాయా?

2004 సునామీ తర్వాత మన తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. వాటి మీద మెరిసే రంగు పొరే జెల్‌కోటు. దాన్ని బాగుచేయడం గురించి రేవుల్లో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు బోటు ఆయుష్షునే తగ్గిస్తున్నాయి.

అపోహ: జెల్‌కోటంటే రంగే. గీత పడితే ఎనామిల్ పెయింటు కొడితే సరిపోతుంది.

వాస్తవం: పెయింటు తయారైన వస్తువు మీద వేస్తారు. జెల్‌కోటు అలా కాదు, అచ్చులో ముందుగా పడేదే అది. రంగు కలిపిన పాలియెస్టర్ రెసిన్‌ను సుమారు అర మిల్లీమీటరు మందాన పూసి, దాని వెనక గాజు మ్యాట్, రెసిన్ పరుచుకుంటూ వస్తారు. లోపలి మ్యాట్‌కు ఎండ, నీరు తగలకుండా కాపాడేది ఈ పొరే.

అపోహ: వెంట్రుకలాంటి పగుళ్ల మీద కాస్త జెల్‌కోటు రుద్దితే చాలు.

వాస్తవం: ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. జెల్‌కోటులో గాజు పోగులుండవు కాబట్టి అది పెళుసు. దెబ్బ తగిలినా, పలక వంగినా ముందు పగిలేది అదే. చిక్కని జెల్‌కోటు ఆ సన్న సందులోకి దిగదు, పైపైనే నిలుస్తుంది. ముందు పగులు చుట్టూ ఉలి పిడితో తట్టి వినండి. చుట్టుపక్కల టకటకమంటూ ఒకచోట మాత్రం బోలుగా మోగితే, లోపల పొరలు విడిపోయాయేమోనని అనుమానించాలి. ఆ తర్వాత పగులు పొడవునా ఉలి మూలతో వి ఆకారంలో గాడి తీయాలి. పగులు మ్యాట్‌లోకి దిగిందని తేలితే, చెడిన భాగాన్ని గ్రైండ్ చేసి కొత్త మ్యాట్ వేశాకే జెల్‌కోటు. పలక వంగుతుంటే లోపలి నుంచి బలం ఇవ్వాల్సిందే. లేకపోతే అదే చోట మళ్లీ పగులుతుంది.

అపోహ: గుంటలకు కారు లప్పం వాడొచ్చు.

వాస్తవం: నీటిలో ఉండే భాగానికి వద్దు. మామూలు కారు లప్పంలో టాల్క్ పొడి ఉంటుంది, అది తేమ పీలుస్తుంది.

అపోహ: జెల్‌కోటు గట్టిపడేందుకు కలిపే హార్డనర్ ఎక్కువైతే పొర మరింత గట్టిపడుతుంది.

వాస్తవం: సాధారణంగా 100 గ్రాముల జెల్‌కోటుకు 1 నుంచి 2 గ్రాములు చాలు. కచ్చితమైన కొలత డబ్బా మీద చూసుకోవాలి. ఎక్కువైతే వేడెక్కి, కుంచించుకుని, పగులుతుంది. మరీ తక్కువైతే ఎన్నాళ్లకీ పూర్తిగా గట్టిపడదు. కంటి రక్షణ అద్దాలు లేకుండా హార్డనర్ డబ్బా మూత తీయకండి. ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోయే ప్రమాదముంది. పడితే వెంటనే మంచినీళ్లతో కనీసం పావుగంట కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: మర్నాటికీ పైన జిగటగా ఉందంటే సరుకు నాసిరకం.

వాస్తవం: కొలత సరిగ్గా ఉన్నా అలా జరుగుతుంది. గాలి తగిలే చోట పాలియెస్టర్ రెసిన్ పూర్తిగా గట్టిపడదు. అందుకే మైనం ద్రావణం కలిపిన జెల్‌కోటు వాడాలి, లేదా పూయగానే గాలి బుడగలు లేకుండా ప్లాస్టిక్ షీటు పరచాలి. గట్టిపడ్డాక షీటు తీసి 400, 600, 1000 నంబర్ల వాటర్ పేపర్లతో వరుసగా తడిపి రుద్ది, చివర్లో రబ్బింగ్ కాంపౌండ్ పట్టించాలి. ఎండకు పైపైన తెల్లబారిన జెల్‌కోటుకు చాలాసార్లు ఈ కాంపౌండ్ ఒక్కటే సరిపోతుంది, కొత్త పూత అక్కర్లేదు.