పుట్టగొడుగులో పరమార్థం

ఈ మధ్య కొడైకెనాల్ కొండకు వెళ్ళి వచ్చే కుర్రవాళ్ళ నోట ఒక మాట వినబడుతున్నది. అక్కడి పచ్చికలో మొలిచే ఒక రకం పుట్టగొడుగు తింటే తానెవరో మరచిపోయి, సృష్టి అంతా ఒక్కటే అన్న అనుభూతి కలుగుతుందట. తమిళంలో దీనిని పోదై కాళాన్ అంటారు, అనగా మత్తు పుట్టగొడుగు. దీనికోసం వెళ్ళి పోలీసులకు చిక్కినవారి వార్తలు పత్రికల్లో పడుతూనే వున్నవి. అయితే మన పిల్లలు అడిగే ప్రశ్న మత్తును గురించినది కాదు. "ఒక్క పూటలో దొరికేదానికి నలభైయొక్క రోజుల దీక్ష ఎందుకు పెదనాన్నా?" అని అడుగుతున్నారు. గద్దించి నోరు మూయించడం తేలికే. కాని ప్రశ్న వాళ్ళ మనస్సులో అట్లాగే వుండిపోతుంది. అందుచేత ఈ పుట్టగొడుగు కథ ఏమిటో పెద్దలమైన మనమే ముందు తెలిసికోవడం మంచిది.

ఈ కథ మెక్సికో దేశంలో మొదలైనది. అక్కడ ఓహాకా రాష్ట్రపు కొండల్లో వాఉత్లా అనే వూరున్నది. మసతెక్ అనే ఆదివాసులు అక్కడ నివసిస్తారు. వారిలో మరియా సబీనా అనే వితంతువు వుండేది. చదువు రాదు. క్రైస్తవ భక్తురాలు. వూళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే రాత్రిపూట చీకటిలో కూర్చుండి, ఆ పుట్టగొడుగులను తాను తిని, రోగికి పెట్టి, తెల్లవార్లూ పాడుతూ ప్రార్థించేది. 1955 జూన్ 29వ తేదీ రాత్రి న్యూయార్కు నగరంలోని పెద్ద బ్యాంకులో వైస్ ప్రెసిడెంటుగా వున్న గోర్డన్ వాసన్ అనే దొర ఆమె ఇంట కూర్చుండి ఆ పూజలో పాల్గొన్నాడు. 1957లో ఆ అనుభవాన్ని లైఫ్ పత్రికలో వ్రాశాడు. ఆమె పేరు మార్చి వ్రాసినా గుట్టు దాగలేదు.

ఇక తీర్థ ప్రజలవలె జనం వచ్చిపడ్డారు. మరియా సబీనా దగ్గరకు అంతవరకు వచ్చినది రోగులు. ఇప్పుడు వచ్చినవారికి రోగమేమీ లేదు. దేవుని చూపించమన్నారు. వూరివారు ఆమెమీద కోపగించారు. ఆమె ఇల్లు తగలబడినది. పరదేశులు వచ్చిన తరువాత పుట్టగొడుగుల శక్తి పోయినదని ఆమె ముసలితనంలో వాపోయినది. 1985లో పేదరాలుగానే కన్నుమూసినది. ఒకరి ఇంటి పూజావస్తువును సంతలో సరుకుగా మార్చినప్పుడు ఎవరు నష్టపడతారో ఈ కథ చెబుతుంది.

పుట్టగొడుగులోని మందును స్విట్జర్లాండు రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో విడదీశాడు. దాని పేరు సైలోసైబిన్. ఎల్.ఎస్.డి. అనే మందును 1938లో తయారుచేసి, 1943లో దాని ప్రభావాన్ని కనిపెట్టినవాడు కూడా ఆయనే. 1962లో ఆయన మాత్రలు తీసికొనిపోయి మరియా సబీనాకే ఇచ్చాడు. పుట్టగొడుగులోని శక్తి మాత్రలోనూ వున్నదని ఆమె ఒప్పుకొన్నది. వానలు లేని రోజుల్లో కూడా ఇక రోగులకు సాయపడవచ్చునని సంతోషించినది. అప్పుడు కూడా ఆమెకు రోగులే గుర్తుకు వచ్చారన్నది గమనించవలెను.

ఈ మందు మెదడులో ఏమి చేస్తుంది? కడుపులోకి పోయిన సైలోసైబిన్ సైలోసిన్‌గా మారుతుంది. దాని రూపం మన మెదడులో సహజంగా వుండే సెరటోనిన్ అనే రసాయనాన్ని పోలి వుంటుంది. కనుక సెరటోనిన్ పట్టుకొనే తావులను ఇది పట్టుకొంటుంది. 2012లో లండన్ ఇంపీరియల్ కాలేజీవారు ఈ మందు ఎక్కినవారి మెదడును యంత్రంతో పరీక్షించారు. మెదడంతా చెలరేగుతుందని అనుకొన్నవారికి ఆశ్చర్యం కలిగినది. "నేను, నాది" అనే తలపోతలప్పుడు పనిచేసే కేంద్రాలలో చురుకు తగ్గినది. నా వంటి గుమాస్తాకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే, ప్రతి ఫైలూ తన బల్లమీదుగా పోవాలనే హెడ్ క్లర్కు ఆ పూట సెలవు పెట్టాడన్నమాట. ఎన్నడూ మాట్లాడుకోని బల్లలు సూటిగా మాట్లాడుకొంటవి. శబ్దానికి రంగు కనబడినా, నేననే హద్దు చెరిగిపోయినా అందువల్లనే కావచ్చును.

అయితే ఆ అనుభవం బొత్తిగా భ్రమేనా? అంత త్వరగా తేల్చలేము. బిడ్డను చూచిన తల్లి మెదడులోనూ మార్పులు కలుగుతవి. అంతమాత్రాన ఎదుట బిడ్డ లేదనగలమా? మరి సన్నిపాత జ్వరంలో కనబడేవి కూడా మెదడులో మార్పులే. అవన్నీ నిజమనగలమా? కనుక మెదడు బొమ్మ చూచి దేవుడున్నాడనీ చెప్పలేము, లేడనీ చెప్పలేము. పరీక్ష మరొకచోట పెట్టవలెను.

ఆ పరీక్షకు పనికివచ్చే సంగతి ఒకటి వున్నది. 1962 ఏప్రిల్ 20, గుడ్ ఫ్రైడే నాడు, బోస్టన్ విశ్వవిద్యాలయపు ప్రార్థనాలయంలో వాల్టర్ పాంకే అనే వైద్యుడు ఇరవైమంది వేదాంత విద్యార్థులను కూర్చోబెట్టాడు. పదిమందికి సైలోసైబిన్, పదిమందికి ఒంటిని వేడెక్కించే మామూలు విటమిను ఇచ్చాడు. ఆనాటి ప్రసంగం హోవర్డ్ థర్మన్‌గారిది. ఆయన 1936లో మన దేశానికి వచ్చి గాంధీజీని కలిసికొన్న నీగ్రో మతాచార్యుడు. మందు పుచ్చుకొన్నవారిలో చాలామంది గొప్ప ఆధ్యాత్మికానుభవం కలిగినదన్నారు. పాతికేళ్ళ తరువాత అడిగినా అదే మాట అన్నారు. కాని ఒక విద్యార్థి అదుపు తప్పగా సూదిమందు ఇచ్చి నిలుపవలసి వచ్చినది. ఈ సంగతి నివేదికలో కనబడక, 1991లో గాని బయటపడలేదు.

ఆ రోజు సహాయకుడుగా వుండి తానూ మందు పుచ్చుకొన్న హ్యూస్టన్ స్మిత్ అనే తత్వశాస్త్రాచార్యుడు 1964లో ఒక వ్యాసం వ్రాశాడు. ఈ మందులు మతానుభవాన్ని ఇవ్వగలవేమో గాని మతజీవనాన్ని ఇస్తవని చెప్పలేము అన్నది ఆయన తేల్చిన సారం. మన పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడే వున్నది. కొండ శిఖరం కనబడటం వేరు, కొండ ఎక్కటం వేరు.

2006లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 36 మందిపై ప్రయోగం చేసినది. మూడింట రెండు వంతులమంది అది తమ జీవితంలోని అయిదు గొప్ప అనుభవాల్లో ఒకటి అన్నారు. వారిలో మూడవ వంతు మంది తీవ్రమైన భయం కూడా అనుభవించారు. 2018లో అదే బృందం 75 మందితో మరొకటి చేసినది. పెద్ద మోతాదు తీసికొన్నవారిలో మార్పు ఎక్కువ కనబడినది. వారిలోనూ ధ్యానం వంటి నిత్యసాధనకు గట్టి తోడ్పాటు పొందినవారిలో మరింత కనబడినది. ఈ ప్రయోగాలలో వైద్యులు ముందుగా ఆరోగ్యం పరీక్షించారు. చిత్తచాంచల్యం కుటుంబంలో వున్నవారిని చేర్చుకోలేదు. పక్కన మనుషులు కావలి వున్నారు. కొండమీద చలిలో, ఎవరో అమ్మిన పొట్లం విప్పుకొనే కుర్రవాడికి ఇవేవీ లేవు. తెలియనివాడు విషపు పుట్టగొడుగు ఏరితే కాలేయం చెడి ప్రాణమే పోవచ్చును. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం మన దేశంలో సైలోసైబిన్ నిషిద్ధం. పట్టుబడితే జైలుపాలు కావచ్చును.

మన వైపు సంగతి కూడా ఒకటి చెప్పవలెను. వాసన్ దొర 1968లో ఒక గ్రంథం వ్రాసి, ఋగ్వేదపు సోమం కూడా ఒక పుట్టగొడుగే అన్నాడు. పండితులందరూ ఒప్పుకోలేదు. అసలు సోమం ఏదో నేటికీ వివాదమే. మన యజ్ఞాలలో ఎన్నో తరాలుగా బదులు మొక్కలనే పిండుతున్నారు. తిక్కన సోమయాజి అయినది యజ్ఞం చేసినందువల్ల. సోమయాజుల కుటుంబాలు మనలో నేటికీ వున్నవి. మూలిక జాడ తప్పినది గాని, దాని చుట్టూ అల్లుకొన్న నియమం, నిష్ఠ, పదిమందికీ అన్నం పెట్టడం మిగిలినవి.

కనుక పిల్లలతో ఈ విషయం దాపరికం లేకుండా మాట్లాడండి. అది అబద్ధమని కొట్టివేయకండి, నమ్మరు. అనుభవం నిజమే కావచ్చును, కాని మరునాడు ఉదయం అమ్మతో ఎట్లా మాట్లాడావు, అప్పు తీర్చావా, జబ్బుగా వున్న తాతయ్య మంచం దగ్గర కూర్చున్నావా అని అడగండి. నలభైయొక్క రోజుల దీక్ష నేర్పేది ఆ మరునాటి నడవడినే.