తుప్పు పట్టిన జీపు తలుపు



జీపు ఎక్కని వాళ్ళు మనలో ఎవరున్నారు? బస్సు పోని ఊరికి కూడా జీపు పోతుంది. సంతకు జీపే. ఆసుపత్రికి జీపే. పెళ్ళికి జీపే. మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. చాలా జీపుల్లో ఇంకో గేరు కర్ర ఉంటుంది. అది వేస్తే నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. అందుకే రెండు చక్రాలు బురదలో దిగబడినా మిగతా రెండూ బండిని లాగుతాయి.

జీపు మొదట సైన్యం బండి. 1941లో అమెరికాలో సైన్యం కోసం తయారు చేశారు. దానికి తలుపులే లేవు. సిపాయిలు గబుక్కున దూకాలి కదా! మన దేశంలో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టారు. రేకు తలుపులు, రేకు టాపు ఉన్న జీపులు తర్వాత వచ్చాయి. వానకు, దుమ్ముకు తలుపు మంచిదే. కానీ తలుపుతో పాటు తుప్పు బెడద కూడా వచ్చింది.

తలుపే కదా, రాకపోతే ఇంకో వైపు దిగుతాం అనుకోకండి. నొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రి ముందు దించాలి. ఆమె వైపు తలుపు రాదు. అప్పుడు ఆమెను సీట్ల మీదుగా ఈడ్చాలా? బండి వాగులో దిగబడి నీళ్ళు లోపలికి వస్తుంటే ఎలా?

మా పక్క ఊళ్ళో ఒక మహిళా సంఘం వాళ్ళు బ్యాంకు అప్పుతో పాత జీపు కొన్నారు. అది అంతకుముందు సముద్రం ఒడ్డున చేపల పెట్టెలు మోసిన బండి. ఎడమవైపు తలుపు పూర్తిగా పట్టేసింది. ఒక షెడ్డుకు తీసుకుపోతే, "ఇది రాదమ్మా. కోసి పారేసి కొత్తది వెయ్యాలి" అన్నారు. వాళ్ళు చెప్పిన డబ్బు రెండు నెలల వాయిదాలంత ఉంది. "మన తలుపు మనమే తీసి చూద్దాం, పోయేదేముంది?" అంది సంఘం పెద్దక్క. మూడు రోజులు పట్టింది. తలుపు వచ్చింది. పాత తలుపే మళ్ళీ బిగించారు. రాత్రి బడికి వెళ్ళినప్పుడు ఆ పని నేను కూడా చూశాను. అది ఎలా చేశారో చెబుతాను. ముందు తుప్పు సంగతి తెలియాలి.

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే తుప్పు తొందరగా పడుతుంది. అందుకే సముద్రం గాలి తగిలే ఊళ్ళలో కొడవళ్ళు, బకెట్లు త్వరగా పాడవుతాయి. చేపల పెట్టెల్లోంచి కారిన ఉప్పునీళ్ళు జీపుకు చేసింది కూడా అదే.

ఇంకో సంగతి ఉంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. డబ్బా నిండా శనగలు పోసి నీళ్ళు పోస్తే ఏమవుతుంది? ఉబ్బి మూతను తన్నుతాయి. తుప్పు కూడా అలాగే ఉబ్బుతుంది. జీపు తలుపు రెండు బందుల మీద వేలాడుతుంది. బందు అంటే మన ఇంటి తలుపుకు ఉండే మడత బందు లాంటిదే. ఒక రేకు తలుపుకు, ఒక రేకు బండికి ఉంటాయి. రెండింటి మధ్య ఒక ఇనుప పిన్ను ఉంటుంది. పిన్నుకూ దాని గొట్టానికీ మధ్య వెంట్రుకంత సందు ఉంటేనే తలుపు తిరుగుతుంది. ఆ సందులో తుప్పు ఉబ్బి కూర్చుంటుంది. ఇక పిన్ను కదలదు.

చాలామంది ఇక్కడే పెద్ద సుత్తి తీస్తారు. దబాదబా బాదుతారు. బాదితే పిన్ను తల చితికి ఇంకా లావవుతుంది. అప్పుడు అసలే రాదు. బందు విరిగితే, తలుపు రేకు చిరిగితే ఖర్చు మనదే. కొట్టే చెయ్యి కొట్టి వెళ్ళిపోతుంది, డబ్బు కట్టేది సంఘం!

ముందు బందును ఇనుప బ్రష్షుతో గీకాలి. గీకేటప్పుడు కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. తుప్పు పొట్టు కంట్లో పడితే చాలా బాధ. తర్వాత నూనె పొయ్యాలి. వంట నూనె పనికిరాదు. అది జిగురుగా అయిపోతుంది. షాపుల్లో తుప్పు వదిలించే నూనె డబ్బా దొరుకుతుంది. అది లేకపోతే డీజిలులో కాస్త ఇంజన్ ఆయిల్ కలిపి వాడవచ్చు. ఇదివరకు అందరూ కిరసనాయిలు వాడేవారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో అది దొరకడం లేదు.

డీజిలు గాని కిరసనాయిలు గాని కూల్ డ్రింకు సీసాలో పోసి ఉంచవద్దు. పిల్లలు నీళ్ళనుకుని తాగుతారు. తాగితే కక్కించకూడదు. కక్కిస్తే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పిన్ను పైభాగంలో నూనె చుక్కలు చుక్కలుగా వెయ్యాలి. చిన్న సుత్తితో బందు మీద టిక్కు టిక్కుమని తట్టాలి. కొట్టడం కాదు, తట్టడం. ఆ అదురుకు నూనె సందులోకి దిగుతుంది. రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున మళ్ళీ వెయ్యాలి, మళ్ళీ తట్టాలి. సంఘం అక్కలు రెండు రాత్రులు ఇలాగే చేశారు. మొదటిరోజు ఏమీ కదల్లేదు. చూడవచ్చిన మగవాళ్ళు నవ్వారు కూడా. రెండో రోజు సాయంత్రం తలుపు బియ్యపు గింజంత కదిలింది. అంత కదిలితే చాలు. బలవంతంగా తెరవకుండా, ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెం ఆడించాలి. నూనెతో కలిసి ఎర్రటి బురద బయటకు వస్తుంది. ఆ బురదే తుప్పు. అది తుడిచి మళ్ళీ నూనె వెయ్యాలి.

కొన్ని జీపుల్లో పిన్ను కింద నట్టు ఉంటుంది. దాన్ని పానాతో విప్పాలి. పానా మీద అంకె చెక్కి ఉంటుంది, చూడండి. 12, 13, 14, 17. అవి మిల్లీమీటర్లు. 13 నట్టుకు 14 పానా పెడితే జారుతుంది. నట్టు మూలలు అరిగి గుండ్రంగా అవుతాయి. తర్వాత ఏ పానా పట్టదు. పాత జీపుల్లో అంగుళాల నట్లు ఉంటాయి. వాటి పానాల మీద 7/16, 1/2 అని భిన్నాలు ఉంటాయి. అర అంగుళమంటే 8/16. కాబట్టి 7/16 దానికంటే కొంచెం చిన్నది. మనం పలక మీద చేసిన లెక్కే ఇది. ఆ రోజు పానా అంకె చదివి అందించింది పోయిన సంవత్సరమే అక్షరాలు నేర్చుకున్న ఒక వదిన.

నట్టు గడియారం ముళ్ళు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ఎదురువైపు తిప్పితే వదులవుతుంది. తుప్పు నట్టును ముందు రవ్వంత బిగించి, తర్వాత విప్పితే సులువు. ఆ కదలికకు తుప్పు పట్టు విరుగుతుంది.

అప్పటికీ రాకపోతే వేడి చెయ్యాలి. ఒక స్టీలు గ్లాసులో ఇంకోటి ఇరుక్కుంటే మీరేం చేస్తారు? బయటి గ్లాసును వేడినీళ్ళలో ముంచుతారు. లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోస్తారు. బయటిది వేడికి సాగుతుంది, లోపలిది ఊడివస్తుంది. బందు కూడా అంతే. పిన్నును కాకుండా దాని చుట్టూ ఉన్న గొట్టాన్ని వేడి చెయ్యాలి. కానీ ఇది మన చేతి పని కాదు. గ్యాసు వెల్డింగు తెలిసిన వాళ్ళతోనే చేయించాలి. కొన్ని పాత జీపుల్లో డ్రైవరు సీటు కిందే ఆయిలు ట్యాంకు ఉంటుంది. తలుపుకు అది జానెడు దూరమే. పైగా మనం పోసిన డీజిలు బందు నిండా ఉంటుంది. దాన్ని పూర్తిగా తుడవకుండా మంట పెట్టకూడదు. పక్కన ఇసుక బకెట్టు ఉండాలి. వెల్డింగు అతను తొందరపడుతున్నా సరే, "ముందు ట్యాంకు చూడు తమ్ముడూ" అని మీరే చెప్పండి.

పిన్ను తీసే ముందు తలుపు కింద చెక్క దిమ్మె పెట్టి, దాని మీద గోనెసంచి వెయ్యాలి. ఇద్దరు చెరోవైపు పట్టుకోవాలి. తలుపు మరీ వెనక్కి పోకుండా ఆపే పట్టీ ఉంటుంది. అది ముందు విప్పాలి. తర్వాత కింది బందు పిన్ను, చివరికి పై బందు పిన్ను. పిన్ను తల పైన ఉంటే కింది నుంచి పైకి తట్టాలి. కొన్ని జీపుల్లో పిన్ను తియ్యక్కర్లేదు. నట్టు తీసి తలుపును నిట్టనిలువుగా పైకెత్తితే చాలు. పక్కకు వంచి లాగితే మళ్ళీ ఇరుక్కుంటుంది. ఏం చేసినా పిన్ను రాకపోతే ఇనుము కోసే రంపంతో పిన్నునే కొయ్యాలి. పిన్ను పోతే పిన్నే. బందు పోతే అంతకు నాలుగింతల పని.

చెయ్యి కోసుకుంటే సబ్బుతో, మంచినీళ్ళతో బాగా కడగాలి. తుప్పు వల్లే ధనుర్వాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రోగం తెచ్చే క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. అది గాయంలోకి పోతే ప్రమాదం. జీపు తలుపుకు మట్టి, పేడ రెండూ అంటుతాయి కదా! గాయం చిన్నదైనా ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. టీకా కావాలో లేదో వాళ్ళు చెబుతారు.

తలుపు ఊడివచ్చాక దాని అడుగు అంచు చూడండి. అక్కడ చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అద్దం సందులోంచి దిగిన వాననీళ్ళు వాటిలోంచే పోవాలి. బురదతో అవి మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలుస్తాయి. రేకు లోపలినుంచి తింటుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది. సంఘం జీపులో నాలుగు రంధ్రాలూ మూసుకుపోయి ఉన్నాయి. చీపురు పుల్లతో పొడిస్తే దోసెడు బురద వచ్చింది.

బిగించేటప్పుడు పై బందు ముందు, కింది బందు తర్వాత. పిన్నును శుభ్రంగా గీకి, గ్రీజు రాసి దింపాలి. తలుపును పదిసార్లు తెరిచి మూయాలి. బయటికి వచ్చిన గ్రీజు గుడ్డతో తుడిచెయ్యండి. వదిలేస్తే దానికి దుమ్ము పట్టుకుంటుంది.