పేర్లు వేరు.. మందు ఒక్కటే!

* ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక రెట్టింపు మోతాదు ముప్పు
* పాత స్ట్రిప్పులు, కొత్త చీటీ పక్కపక్కన పెట్టి చూపించుకోవాలి
* కిడ్నీ రోగులకు మరింత అప్రమత్తత అవసరం

పలాస: ఆసుపత్రిలో వారం రోజులుండి ఇంటికి చేరిన రోగి దగ్గర సాధారణంగా రెండు సంచులుంటాయి. ఒకటి ఆసుపత్రిలో ఇచ్చిన కొత్త మందులది. రెండోది అంతకు ముందు నుంచి ఇంట్లో ఉన్న పాత మందులది. ఏవి మానాలో, ఏవి కొనసాగించాలో తెలియక రెండు సంచుల్లోవీ మింగేవారు కొందరు. కొత్తవి వచ్చాయి కదా అని పాతవన్నీ ఒక్కసారిగా మానేసేవారు మరికొందరు. ఈ రెండూ ప్రమాదమే. జబ్బు తగ్గడానికి ఇచ్చిన మందే రోగిని తిరిగి ఆసుపత్రి మంచం ఎక్కించే పరిస్థితి తరచూ ఇక్కడే తలెత్తుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 మార్చిలో మందుల వల్ల కలిగే హానిని తగ్గించేందుకు ప్రపంచవ్యాప్త కార్యక్రమం చేపట్టింది. అందులో మూడు సందర్భాలపై ప్రత్యేక దృష్టి పెట్టాలని సూచించింది. రోగి పరిస్థితి గాని, వాడే మందు గాని ప్రమాదభరితమైనది కావడం మొదటిది. ఒకే వ్యక్తి అనేక మందులు వాడటం రెండోది. రోగి ఒక వైద్యుడి నుంచి మరొకరికి, ఆసుపత్రి నుంచి ఇంటికి మారడం మూడోది. ఉద్దానం ప్రాంతంలోని ఎందరో రోగుల విషయంలో ఈ మూడూ ఒకేచోట కలుస్తున్నాయి. కిడ్నీ జబ్బుకు తోడు బీపీ, షుగరు ఉన్నవారు రోజూ అరడజనుకు పైగా మాత్రలు మింగాల్సి వస్తోంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు మండలాల వారు వైద్యం కోసం ఒకసారి శ్రీకాకుళం, మరోసారి విశాఖపట్నం, ఇంకోసారి ఒడిశాలోని బరంపురం వెళుతుంటారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వెళ్లిన ప్రతిచోటా ఒక చీటీ చేతికొస్తుంది. ఆ చీటీలన్నింటినీ ఒకచోట పేర్చి చూసేవారే ఉండరు.

ఒకే మందుకు ఎన్నో పేర్లు

ప్రతి మందుకూ రెండు పేర్లుంటాయి. ఒకటి అసలు మందు పేరు. దీన్నే జనరిక్ పేరు అంటారు. రెండోది కంపెనీ పెట్టుకున్న అమ్మకపు పేరు. బీపీకి విరివిగా వాడే ఆమ్లోడిపిన్‌నే తీసుకుంటే, 'స్టామ్లో' అన్నా, 'ఆమ్లాంగ్' అన్నా లోపల ఉన్నది అదే. 'టెల్మా', 'టెల్మికైండ్' రెండింటిలోనూ ఉన్నది టెల్మిసార్టానే. ప్రభుత్వ ఆసుపత్రిలోనో, జన ఔషధి దుకాణంలోనో ఇచ్చే మాత్రలపై అమ్మకపు పేరు లేకుండా జనరిక్ పేరే కనిపిస్తుంది. రంగు వేరు, స్ట్రిప్పు వేరు, పేరు వేరు కావడంతో అవి మూడు వేర్వేరు మందులని రోగి భావిస్తాడు. ఉదయం ఒకటి, రాత్రి మరొకటి వేసుకుంటాడు.

కలిపి తయారుచేసిన మాత్రలతో చిక్కు ఇంకా ఎక్కువ. షుగరు రోగులు వాడే 'అమరిల్' అంటే గ్లిమిపిరైడ్. 'గ్లైకోమెట్ జీపీ'లో మెట్‌ఫార్మిన్‌తో పాటు అదే గ్లిమిపిరైడ్ కూడా ఉంటుంది. ఆసుపత్రిలో ఒక దాని బదులు మరొకటి రాసి ఇస్తే, ఆ సంగతి తెలియక రెండూ వాడితే గ్లిమిపిరైడ్ మోతాదు పెరిగిపోతుంది. రక్తంలో చక్కెర అమాంతం పడిపోతుంది. జ్వరానికి 'డోలో', ఒళ్లు నొప్పులకు 'జెరోడాల్-పి' వేసుకునేవారికి రెండింటిలోనూ పారాసెటమాల్ ఉందని తెలియదు. పెద్దలకు పారాసెటమాల్ రోజుకు 4 గ్రాములు మించకూడదు. మించితే కాలేయం దెబ్బతింటుంది. మద్యం అలవాటు ఉన్నవారిలో, బాగా చిక్కిపోయిన వారిలో ఇంకా తక్కువ మోతాదుకే ముప్పు ఉండవచ్చు.

ఈ గందరగోళాన్ని తగ్గించేందుకు కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధనలు సవరించింది. స్ట్రిప్పుపై జనరిక్ పేరును అమ్మకపు పేరు కంటే కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ముద్రించాలని ఆదేశించింది. విటమిన్ల మిశ్రమాలకు, మూడు అంతకు మించి మందులు కలిసిన మాత్రలకు ఇందులో మినహాయింపు ఉంది. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 రకాల మందులపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. సెల్‌ఫోనుతో స్కాన్ చేస్తే అసలు పేరు, తయారీదారు, గడువు తేదీ వంటి వివరాలు తెలుస్తాయి. ఇంగ్లిష్ చదవగలిగిన పిల్లలు ఇంట్లో ఉంటే పాత, కొత్త స్ట్రిప్పులపై ఉన్న పెద్ద అక్షరాల పేర్లను పోల్చి చూడమనడం తేలికైన పని. ఒకే పేరు రెండుచోట్ల కనిపిస్తే వైద్యుణ్ని అడగాలి.

వాపు తగ్గాలని మరో మాత్ర

మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బుగా పొరబడటం మరో సమస్య. ఆమ్లోడిపిన్ వాడే కొందరికి పాదాలు, చీలమండలు వాస్తాయి. మోతాదు పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. ఉద్దానంలో కాళ్లు వాచాయంటే చాలు, కిడ్నీ పాడైందన్న భయం ఇంటిల్లిపాదినీ చుట్టుకుంటుంది. వెంటనే ఊళ్లోని వైద్యుడి దగ్గరకు వెళ్లి, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర తెచ్చుకుంటారు. దాంతో ఒంట్లో నీరు, లవణాలు తగ్గి నీరసం, కళ్లు తిరగడం మొదలవుతాయి. దానికి ఇంకో మందు. ఒక బీపీ మాత్ర రెండు పేర్లతో కడుపులోకి వెళ్లడం వల్ల వచ్చిన తంటా ఇలా గొలుసుకట్టుగా సాగుతుంది. అలాగని వాపును నిర్లక్ష్యం చేయకూడదు. క్రియాటినిన్, మూత్ర పరీక్షలతో పాటు వాడుతున్న మందుల జాబితానూ చూసిన తర్వాతే కారణం తేల్చాలి.

నొప్పి మాత్రతో జాగ్రత్త

కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసి వచ్చినవారికి నడుం నొప్పి, కీళ్ల నొప్పులు మామూలే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు ఊళ్లోనే దొరుకుతాయి. ఉద్దానం వ్యాధికి ఇవే కారణమని ఎవరూ తేల్చలేదు. కానీ అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఇవి మరింత చేటు చేస్తాయన్న విషయంలో వైద్యుల్లో భిన్నాభిప్రాయం లేదు.

కారణం తెలుసుకోదగినది. కిడ్నీలో రక్తాన్ని వడపోసే జల్లెడలోకి ఒక సన్నని నాళం రక్తాన్ని తెస్తుంది. మరో నాళం బయటకు తీసుకుపోతుంది. రెండింటి మధ్య ఒత్తిడి సరిగా ఉంటేనే వడపోత సాగుతుంది. నొప్పి మాత్రలు లోపలికి వచ్చే నాళాన్ని ఇరుకు చేస్తాయి. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి బీపీ మందులు బయటకు వెళ్లే నాళాన్ని సడలిస్తాయి. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు ఒంట్లోని నీటినే తగ్గిస్తాయి. ఈ మూడూ ఒకేసారి వాడితే వడపోత ఒత్తిడి పడిపోయి కిడ్నీలు హఠాత్తుగా మొరాయించవచ్చు. ఎండలో పనిచేసి నీళ్లు తాగనివారికి, వాంతులు, విరేచనాలు అవుతున్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. ఇందులో బీపీ మాత్ర తప్పేమీ లేదు. సరైన రోగికి అది కిడ్నీని కాపాడే మందే. దాని పక్కన చెప్పకుండా చేరిన నొప్పి మాత్రే అసలు సమస్య. అందుకే కిడ్నీ రోగులు ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా సూది వేయించుకునే ముందే తమ జబ్బు సంగతి చెప్పాలి. నాటు మందులు, ఆకు పసర్లు వాడుతుంటే అదీ దాచకూడదు.

కిడ్నీ పనితీరు తగ్గినవారి ఒంట్లో గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. పదేళ్లుగా సరిపోయిన షుగరు మోతాదే ఇప్పుడు ఎక్కువ కావచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం వంటివి చక్కెర పడిపోయిందనడానికి గుర్తులు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

సిరంజి మారితే రెండున్నర రెట్లు

ఆసుపత్రిలో పెన్నుతో ఇన్సులిన్ తీసుకుని, ఇంటికొచ్చాక సిరంజికి మారేవారు ఒక తేడా గమనించాలి. మన దేశంలో ఎక్కువగా దొరికే సీసా ఇన్సులిన్‌లో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. పెన్నులో వేసే కార్ట్రిడ్జిలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. పెన్ను పాడైందని ఎర్ర మూత సిరంజితో కార్ట్రిడ్జి నుంచి 20 గీత వరకు లాగితే, ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. ప్రాణం మీదికి వచ్చే పొరపాటు ఇది. 100 యూనిట్ల సీసాలూ ఉన్నాయి. వాటికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. సీసాపై ఉన్న అంకె, సిరంజిపై ఉన్న అంకె ఒకటేనా అన్నది ప్రతిసారీ చూసుకోవాలి.

మానేయడమూ ముప్పే

అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి గుండె, బీపీ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగబాకవచ్చు, గుండెనొప్పి రావచ్చు. చాలాకాలంగా వాడుతున్న ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్లను క్రమంగా తగ్గిస్తూ రావాలే తప్ప ఒక్కరోజులో మానరాదు. మూర్ఛ మందులు ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. మరోవైపు ఐదు రోజులకని ఇచ్చిన యాంటీబయాటిక్‌ను, నెల రోజులకని రాసిన గ్యాస్ మాత్రను అదే చీటీతో నెలల తరబడి కొంటున్నవారూ ఉన్నారు.

చీటీలో గుర్తులకు అర్థాలివీ..

* ఓడీ: రోజుకు ఒకసారి
* బీడీ: రోజుకు రెండుసార్లు
* టీడీఎస్: రోజుకు మూడుసార్లు
* హెచ్‌ఎస్: రాత్రి పడుకునే ముందు
* ఎస్‌ఓఎస్: అవసరమైతేనే
* 1-0-1: ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి

కొన్ని మందులు రోజూ వేసుకునేవి కావు. కీళ్లవాతానికి ఇచ్చే మిథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వాడాలి. రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం ఏర్పడుతుంది. ఏ వారం, ఏ రోజు అన్నది చీటీపై రాయించుకోవాలి.

ఇంటికి బయలుదేరే ముందు అడగాల్సినవి

ఆసుపత్రిలో చేరేటప్పుడే ఇంట్లో వాడుతున్న మందులన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్లాలి. "తెల్లమాత్ర, గుండ్రటి మాత్ర" అని చెబితే ఏ వైద్యుడూ గుర్తుపట్టలేడు. ఏదైనా మందు గతంలో పడకపోతే దాని పేరు కేస్ షీటులో రాయించాలి. డిశ్ఛార్జి రోజున మళ్లీ ఆ సంచిని ముందు పెట్టి ఈ నాలుగు ప్రశ్నలు అడగాలి.

* పాత మందుల్లో ఏవి కొనసాగించాలి? ఏవి మానాలి?
* కొత్తవాటిలో ఏది దేనికి బదులుగా ఇచ్చారు?
* ఏ మందు ఎన్ని రోజులు?
* ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?

మానమన్న మాత్రల స్ట్రిప్పులను అక్కడే వేరుచేయాలి. వైద్యుడికి తీరిక లేకపోతే నర్సును గాని, ఫార్మసిస్టును గాని అడగవచ్చు. మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్-డి కోర్సు చదివినవారు కొన్ని ఆసుపత్రుల్లో ఈ పని కోసమే వార్డుల్లో ఉంటున్నారు. ఊరికి వచ్చాక ఆ జాబితాను ఏఎన్‌ఎంకు, ఊళ్లో చూసే వైద్యుడికీ చూపాలి.

దుష్ప్రభావం కనిపిస్తే..

మందు వేసుకున్నాక ఒంటిపై దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం, నల్లటి విరేచనం, మూత్రం తగ్గిపోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. స్ట్రిప్పును వెంట తీసుకువెళ్లాలి. ఇలాంటి ఘటనలను నమోదు చేసేందుకు దేశంలో 2010 జులైలో ఔషధ నిఘా కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని సమన్వయం చేస్తోంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు పని దినాల్లో ఫోన్ చేసి రోగిగాని, బంధువులుగాని నేరుగా చెప్పవచ్చు. మందు వల్లే అలా జరిగిందని రుజువు చేయాల్సిన పని లేదు, అనుమానం ఉంటే చాలు. వివరాలు గోప్యంగా ఉంచుతారు. మందు పేరు, బ్యాచ్ నంబరు, వాడిన తేదీలు చెప్పాల్సి ఉంటుంది కనుక స్ట్రిప్పును, బిల్లును పారేయకుండా దాచుకోవాలి.