ఆకు పైరునకు వంటయిల్లు. అగ్గితెగులు ఆ యింట దొంగ

పైరునకు ఆహార మెక్కడనుండి వచ్చుచున్నదని యడిగినచో, భూమినుండి యని మనలో పెక్కుమంది చెప్పుదురు. ఆ మాట కొంతవఱకే నిజము. వేళ్లు భూమినుండి నీటిని, ఆ నీటిలో కరగిన లవణములను మాత్రము పీల్చుకొనును. అవి వంటకు కావలసిన సంబారములే గాని వండిన యన్నము గావు. వంట జరుగునది ఆకులో.

ఆకుపైని కంటి కగపడని సన్నని రంధ్రములు గలవు. గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లు మాత్రమే యుండు బొగ్గుపులుసు వాయువు ఆ రంధ్రముల గుండ లోనికి ప్రవేశించును. ఆకునందలి పచ్చని పదార్థమునకు పత్రహరితమని పేరు. అది సూర్యరశ్మియందలి శక్తిని గ్రహించి, ఆ వాయువును నీటితో కలిపి చక్కెరగా మార్చును. ఆ చక్కెరయే పిదప గింజలో పిండి యగుచున్నది. ఈ పనిలో ప్రాణవాయువు వెలుపలికి వచ్చును. చెరువులోని నాచును గాజుగ్లాసు నీటిలో నుంచి యెండలో పెట్టినచో బుడగలు పైకి లేచుట మీ పిల్లలకు చూపవచ్చును. ఆకుపచ్చని భాగములే, అదియు వెలుతురులోనే, ఈ పని చేయునని 1779 సంవత్సరములో ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు లోకమునకు తెలియజేసెను. ధాన్యపు గింజ యెండు బరువులో నూటికి 90 పాళ్లకు పైగా గాలినుండియు నీటినుండియు వచ్చినదే.

వరిలో గింజను నింపు చక్కెరలో హెచ్చుభాగము వెన్ను పైకివచ్చిన పిమ్మట పోటాకును, దాని క్రింది రెండు మూడాకులును వండి పంపునదియే. కావున ఆ యాకులు చెడినచో గాదె చెడినట్లే.

ఇక దొంగ సంగతి. అగ్గితెగులు వేడివలనగాని దిష్టివలనగాని వచ్చునది కాదు. అది బూజుజాతికి చెందిన ప్రాణి. దానిలో పత్రహరితము లేదు. తన యన్నము తాను వండుకొనలేదు. అందుచేత ఆకులో చొరబడి మన పైరు వండుకొన్న దానిని తినును. మొదట ఆకుపై చిన్నమచ్చలు పుట్టును. అవి రెండు కొనలు సన్నగిలి, నూలుకండె యాకారముతో, అంచున గోధుమరంగు, నడుమ బూడిదరంగు గలిగి పెరుగును. మచ్చలు కలిసినచో పైరు నిప్పంటుకొన్నట్లు కానవచ్చును. వెన్నుమెడకు సోకెనా, ఆహారము పోవు దారియే తెగి గింజలు తాలుపోవును. మెడవిరుపు అనునది యిదియే.

ఒక్క మచ్చనుండి ఒక్క రాత్రిలో వేలకొలది బీజకణములు వెలువడి గాలిలో తేలిపోవును. అవి మొలకెత్తుటకు ఆకు కొన్ని గంటలు తడిగా నుండవలయును. కార్తిక మార్గశిర మాసములలోని చలిరాత్రులును మంచును మబ్బును వానికి మిక్కిలి యనుకూలములు.

ఆకు పోయిన దేశ మేమగునో ఐర్లండు చూచినది. 1845లో అచ్చట బంగాళదుంప పైరునకు ఇట్టి యంటుతెగులే సోకి ఆకును మాడ్చి దుంపను కుళ్లజేసెను. తరువాతి యేండ్లలో దాదాపు పదిలక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను మరణించిరి. కారణము చెడుగాలి యని కొందఱు, దైవకోపమని కొందఱు తలచిరి. అది సజీవమైన బూజు వలననే కలుగునని డిబారీ అను జర్మను పండితుడు 1861లో నిరూపించెను. కారణము తెలియకపోవుటచే అంతకుముందు కాపాడుకొను దారియు దొరకలేదు.

మనకు కారణము తెలిసియున్నది. చేయవలసిన పనులును గలవు. విత్తనము తెగులులేని చేనినుండియే తీయవలయును. ఉప్పునీటిలో వేసి తేలిన తాలును తీసివైచి, మునిగిన గట్టిగింజలను మంచినీట కడిగి, వ్యవసాయశాఖవారు సూచించిన మందుతో శుద్ధిచేసి చల్లవలయును. తెగులు సోకిన గడ్డిని నారుమడి చెంత వేయరాదు. గట్లపై కలుపు నుంచరాదు. బాపట్లనుండి వచ్చిన సాంబమసూరి అన్నమునకు శ్రేష్ఠమే గాని ఈ తెగులునకు త్వరగా లొంగును. తెగులు యేటేట వచ్చు చోట్ల నెల్లూరు మసూరివంటి తట్టుకొను రకములను ఎంచుకొనుట మేలు.

యూరియా విషయము ముఖ్యముగా గమనింపుడు. పచ్చదనము మంచిదేకదా యని యొకేసారి హెచ్చుగా చల్లినచో ఆకు లేతబడి దొంగకు తలుపు తెఱచినట్లగును. మచ్చలు చూచి పైరు నీరసించినదని మఱల యూరియా వేయుట అగ్గిలో నేయి పోయుటయే. నత్రజనిని నాటునప్పుడు, దుబ్బు చేయునప్పుడు, అంకురము తొడుగునప్పుడు మూడు భాగములుగా నిడవలయును. తెగులు కానవచ్చినచో మిగిలిన యూరియాను ఆపి, వెంటనే వ్యవసాయాధికారి సలహాపై మందు చల్లవలయును.

అయినను, ఒక్కరు జాగ్రత్తపడిన చాలదు. బీజకణములకు గట్టు తెలియదు, సర్వేనంబరు తెలియదు. ఒకరి యుపేక్ష నలుగురి గాదెలను ఖాళీచేయును. రుణమును, ఎరువును పంచుకొనుటకే సంఘమని తలంపరాదు. ఒక కాలువ క్రింది సభ్యులు ఒకే వారమున తమ చేలు పరీక్షించి, మొదటి మచ్చ కనుగొన్నవారు దాచక సంఘమునకు తెలిపి, మందును పిచికారీ యంత్రములను కలిసి తెప్పించుకొన్నచో, ఒక్కరి శక్తికి మించిన పని పదిమంది చేతిలో సులభమగును. ఈ చలికాలమున ప్రతి సభ్యుడును ఉదయమున మంచు వీడకముందే చేనిలో దిగి, ఆకును చేతబట్టి చూచుట యలవాటు చేసికొనునుగాక.